మా అమ్మాయి, అడ్వాన్స్‌డ్ ఆల్జీబ్రా సెక్షన్: జూన్ నుంచి అక్టోబరు దాకా మా అనుభవం

2025 జూన్ 12, గురువారం నాడు బడులు తెరిచారు. మా అమ్మాయి ఎనిమిదో తరగతికి వచ్చింది. రెండు రోజులకే, శనివారం సాయంత్రం, తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో బడివాళ్లు ఒక సర్క్యులర్ పెట్టారు. లెక్కలంటే ఇష్టమున్న ఇరవై నలుగురు పిల్లలను ఎంపిక చేసి, సోమ, బుధ, శుక్రవారాల్లో పొద్దున ఏడున్నరకు అడ్వాన్స్‌డ్ ఆల్జీబ్రా తరగతి పెడతామనీ, చేరదలచినవారు సోమవారం దరఖాస్తు తీసుకోవాలనీ అందులో రాశారు. మేము తిరుపతిలో కొర్లగుంటలో ఉంటాము. నేను గాంధీ రోడ్డులో ఒక చీరల దుకాణంలో జమాఖర్చులు రాస్తాను, మా ఆయన తిరుమలకు టాక్సీ నడుపుతారు. చేరుతానని అడిగింది మా అమ్మాయే. ఆ తరగతిలో ఏముంటుందో ఎవరినైనా అడిగి తెలుసుకుందామని నేను ప్రయత్నించాను గానీ, "కష్టమంట" అన్న మాట తప్ప మరేమీ దొరకలేదు. వచ్చే ఏడాది మా స్థితిలో ఉండబోయే తల్లుల కోసం, జరిగింది జరిగినట్టు ఇక్కడ రాస్తున్నాను.

సోమవారం, జూన్ 16న దరఖాస్తుకు 100 రూపాయలు కట్టాము. ప్రవేశ పరీక్ష 21వ తేదీ శనివారం, నలభై నిమిషాలు, ఇరవై ప్రశ్నలు. ఆల్జీబ్రా పరీక్ష కదా అని ఆ ఐదు రోజులూ నేను అమ్మాయి చేత సమీకరణాలే చేయించాను. తీరా ప్రశ్నపత్రం చూస్తే అందులో సమీకరణాలు ఆరే ఉన్నాయి, మిగిలినవన్నీ భిన్నాలు, రుణ సంఖ్యలు, బ్రాకెట్లు. బ్రాకెట్ ముందు మైనస్ ఉంటే లోపలి గుర్తులన్నీ ఏమవుతాయి, మూడో వంతులోంచి నాలుగో వంతు తీసేస్తే ఎంత, ఒక రుణ సంఖ్య వర్గానికీ ఒక సంఖ్య వర్గం ముందు మైనస్ పెట్టడానికీ తేడా ఏమిటి, ఇలాంటివి. ఎక్స్‌ను చూసి భయపడే పిల్లల కంటే భిన్నాల దగ్గర తడబడే పిల్లలే ఎక్కువని తరువాత ఆ తరగతి చెప్పే మేడమ్ నాతో అన్నారు. ఇది ముందే తెలిసి ఉంటే ఆ ఐదు రోజులు మేము వేరే విధంగా గడిపి ఉండేవాళ్లం.

మూడు రోజుల్లో ఫలితం చెబుతామన్నారు, పదకొండు రోజులు పట్టింది. ఆ పదకొండు రోజులే నాకు అన్నిటికంటే భారంగా గడిచాయి. అమ్మాయి రోజూ బడి నుంచి రాగానే నా ముఖం చూసేది, నేను ఫోను చూసేదాన్ని. ఆఫీసుకు రెండుసార్లు ఫోన్ చేస్తే రెండుసార్లూ "రేపమ్మా" అన్నారు. చివరికి జూలై 2న జాబితా పెట్టారు. నలభై రెండు మంది రాస్తే ఇరవై నలుగురి పేర్లు ఉన్నాయి, మా అమ్మాయి పేరు ఆ తరువాతి చిన్న జాబితాలో, వెయిటింగ్ రెండో వరుసలో ఉంది. ఇలాంటి జాబితా ఒకటి ఉంటుందని సర్క్యులర్‌లో ఎక్కడా రాయలేదు. ఆ రాత్రి అది అన్నం సగంలో వదిలేసి లేచింది. పదమూడేళ్ల పిల్లకు "లేదు" అని చెబితే ఏడ్చి ఊరుకుంటుంది, "ఉండవచ్చు" అని చెబితే నిద్ర పట్టక దొర్లుతుంది. ఈ విషయం బడివాళ్లు ముందుగానే పిల్లలకు చెప్పి ఉంటే బాగుండేదని నేను ఇప్పటికీ అనుకుంటున్నాను.

7వ తేదీ సోమవారం మధ్యాహ్నం దుకాణంలో ఉండగా ఫోన్ వచ్చింది. పొద్దున అంత త్వరగా రాలేమని ఇద్దరు తప్పుకున్నారట. 9వ తేదీ బుధవారం అమ్మాయి మొదటి తరగతికి వెళ్లింది, అప్పటికే రెండు తరగతులు అయిపోయాయి.

ఆ పొద్దున బయలుదేరడం దగ్గర మాకు తెలియనివి రెండు బయటపడ్డాయి. బడి బస్సు మా వీధికి ఎనిమిదింటికి గానీ రాదు, దాని ఫీజు ఏడాదికి మొత్తం ముందే కట్టేశాము. ఏడున్నర తరగతికి మరో బస్సు లేదు. కొండ మీదికి పొద్దుటి బేరాలు ఎక్కువగా ఉంటాయి కాబట్టి మా ఆయనకు ఆ సమయంలో వీలుపడదు. చివరికి మా పక్క వీధిలోని మరో ఇద్దరు పిల్లలతో కలిపి ఆటో మాట్లాడుకున్నాము, మనిషికి నెలకు 1,000 రూపాయలు. రెండోది, తరగతి అయిపోయాక పదిహేను నిమిషాల విరామంలోనే టిఫిన్ తినాలి. కాబట్టి పొద్దున ఆరుంబావుకల్లా టిఫిన్ డబ్బా ఒకటి, అన్నం డబ్బా ఒకటి సిద్ధం కావాలి. ఇడ్లీ అయితే త్వరగా తినగలదు, దోసె చల్లబడితే తినదు. ఇవి చిన్న విషయాలే గానీ, వారానికి మూడు రోజులు ఇల్లంతా ఈ విషయాల చుట్టూ తిరుగుతుంది.

మొదటి రోజే రెండు పేజీల పత్రం ఒకటి ఇంటికి పంపారు. పిల్లలు, తల్లిదండ్రులు ఇద్దరూ సంతకం చేసి 11వ తేదీలోగా ఇవ్వాలి. నేను చదవకుండా సంతకం పెట్టేదాన్నే, అమ్మాయి "చదువమ్మా, నీ గురించి కూడా ఉంది" అన్నది. నిజంగానే ఉంది. తల్లిదండ్రులు లెక్క చేసి చూపకూడదు, పక్కన కూర్చోవచ్చు, "ఈ వరుస నుంచి కింది వరుస ఎట్లా వచ్చింది?" అని మాత్రం అడగవచ్చు. ఇంటిపనికి, అంటే హోంవర్క్‌కు, నలభై ఐదు నిమిషాలు గడియారం చూసి పెట్టుకోవాలి. సమయం అయిపోతే పుస్తకం మూసేయాలి, పూర్తికాని లెక్క దగ్గర "ఇక్కడిదాకా వచ్చాను, ఇక్కడ ఆగాను" అని ఒక వాక్యం రాయాలి. అలా రాసిన దానికి చేసిన లెక్కతో సమానంగా మార్కు ఇస్తారు, ఖాళీగా వదిలితే సున్నా. ఫోన్‌లో ఫొటో తీస్తే జవాబు చెప్పే యాప్‌లు వాడితే ఆ రోజు పని మొత్తం సున్నా.

నోటుపుస్తకం గురించే అర పేజీ ఉంది. కుడి పేజీలో లెక్క, ఎడమ పేజీ ఖాళీ, అది తరువాత తప్పులు దిద్దుకోవడానికి. పెన్నుతోనే రాయాలి, వైట్‌నర్ వాడకూడదు, తప్పు వరుసను ఒకే గీతతో కొట్టేయాలి, ఆ తప్పు ఏమిటో కనబడుతూనే ఉండాలి. ఒక వరుసలో సమాన గుర్తు ఒక్కటే ఉండాలి, అవన్నీ ఒకదాని కింద ఒకటి రావాలి. ఈ నియమం నాకు మొదట చాదస్తంగా తోచింది. తరువాత అమ్మాయి పాత పుస్తకం తీసి చూస్తే, "3 × 4 = 12 + 5 = 17" అని ప్రతి పేజీలోనూ ఉంది. మూడు నాలుగులు పదిహేడు కాదు కదా. చేతిలో లెక్క నడిచినంత వరకూ ఫరవాలేదు, సమీకరణంలో రెండు వైపులూ సమానమని చెప్పవలసి వచ్చినప్పుడు ఆ అలవాటే పిల్లల చేయి పట్టి పక్కకు లాగుతుంది.

పరీక్షల సంగతి రెండో పేజీలో రాశారు. దసరాలోపు మూడు పరీక్షలు, ఒక్కొక్కటి నలభై మార్కులు. ఇరవై ఎనిమిది కంటే తక్కువ వస్తే తప్పులన్నీ ఎడమ పేజీలో కారణంతో సహా దిద్దుకుని, రెండు వారాలలోపు అదే పాఠం మీద మళ్లీ పరీక్ష రాయాలి, ఆ రెండు పరీక్షల మార్కుల సగటు లెక్కలోకి వస్తుంది. దసరా తరువాత మొత్తం సగటు ఇరవై ఎనిమిది దాటినవారే సెక్షన్‌లో కొనసాగుతారు. నలభైకి ఇరవై ఎనిమిదంటే డెబ్భై శాతం. ఎనిమిదో తరగతి పిల్లలకు ఇది పెద్ద గీతేనని నా అభిప్రాయం.

ఇంత వివరంగా రాసి ఉన్నా, నేను మొదటి వారంలోనే మాట తప్పాను. రెండు తరగతులు వెనుకబడింది కదా అన్న ఆత్రం ఒకటి. నేను బీకాం చదివాను, ఇంటర్ దాకా తెలుగు మీడియం, లెక్కలు నాకు బాగా వచ్చేవి. అమ్మాయి నలభై ఐదు నిమిషాలలో ఆరు లెక్కలు చేసి ఆగిపోతే, మిగిలిన నాలుగూ నేను కాగితం మీద చేసి చూపేదాన్ని, అది పుస్తకంలోకి దించుకునేది. రాత్రి పదిన్నర అయ్యేది. ఇంటిపనికి ప్రతిరోజూ పదికి పది వచ్చింది. నాకు సంతోషంగానే ఉండేది.

మొదటి పరీక్ష జూలై 25న, శుక్రవారం. నలభైకి పదమూడు వచ్చాయి. అమ్మాయి ఆ కాగితాన్ని నాకు ఇవ్వలేదు, సంచీలోంచి నేనే తీశాను.

30వ తేదీ బుధవారం మేడమ్ నన్ను పిలిపించారు. నేను సంజాయిషీలు సిద్ధం చేసుకుని వెళ్లాను. ఆమె నన్ను కూర్చోబెట్టి, ఇంటిపని పుస్తకాన్ని, పరీక్ష కాగితాన్ని పక్కపక్కన పెట్టి, "అమ్మా, ఈ రెండూ ఒకే పిల్ల రాసినవి కావు" అన్నారు. కోపంగా అనలేదు. "పాప ఎక్కడ ఆగిపోతా ఉందో నాకు తెలియాలంటే ఈ పుస్తకం ఒక్కటే దారి. మీరు దాన్ని పూడ్చేశారు" అన్నారు. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. తప్పు చేసినట్టు కాదు, మూడు వారాల పాటు బిడ్డకు అడ్డం నిలబడినట్టు అనిపించింది.

ఆమె ఇంకొకటి కూడా చూపించారు. "ఎక్స్ + 7 = 31" అన్నదాని కింద అమ్మాయి "7 అవతలికి పోతే మైనస్ 7" అని రాసింది. అది నా మాటే. మాకు బడిలో పక్షాంతరం అని అట్లాగే చెప్పారు, పదో తరగతి దాకా ఆ మాటతోనే నెగ్గుకొచ్చాము. ఈ తరగతిలో ఆ మాట వాడకూడదట. "రెండు వైపులా 7 తీసివేశాను" అని ప్రతి వరుస పక్కనా రాయాలి. ఎందుకని అడిగాను. తక్కెడలో ఒక వైపు నుంచి రాయి తీస్తే రెండో వైపు నుంచీ తీయాలి, రాయి ఇటునుంచి అటు ఎగరదు, గుర్తు మార్చుకోదు అన్నారు. గుణకాలు, భిన్నాలు వచ్చేసరికి "అవతలికి పోతే" అని నేర్చుకున్న పిల్లలు, గుణించిన మూడును కూడా మైనస్ మూడుగా అవతలికి పంపుతారట. మా అమ్మాయి సరిగ్గా అదే చేసింది, పదమూడు మార్కుల కాగితంలో నాలుగు చోట్ల.

ఆ రోజు నుంచి నేను నా కాగితం తీయలేదు. పక్కన కూర్చుని చిక్కుడుకాయలు తుంచుకునేదాన్ని, నలభై ఐదు నిమిషాలు కాగానే "ఇక చాలు" అనేదాన్ని. మొదటి రోజు అమ్మాయి ఐదు లెక్కలు చేసి, మిగిలిన ఐదింటి దగ్గరా "ఆగాను" అని రాసి, నన్ను చూసి ఏడ్చింది. ఆ ఐదింటినీ తరువాతి తరగతిలో మేడమ్ బోర్డు మీద వేసి అందరికీ చెప్పారని సాయంత్రం వచ్చి చెప్పింది. ఆగస్టు 6న మళ్లీ పరీక్ష రాస్తే ఇరవై తొమ్మిది వచ్చాయి. సగటు ఇరవై ఒకటి.

ఆగస్టులో పండుగలు ఈ తరగతి రోజుల మీదే పడ్డాయి. 8వ తేదీ శుక్రవారం వరలక్ష్మీ వ్రతం, బడి ఉంది. నేను తెల్లవారుజామున నాలుగింటికి లేచి దీపం పెట్టి, పిల్లను పంపి, తరువాత కలశం పెట్టుకున్నాను. 15వ తేదీ శుక్రవారం స్వాతంత్ర్య దినం, తరగతి లేదు. 27వ తేదీ బుధవారం వినాయక చవితి, మళ్లీ లేదు. పోయిన తరగతులకు బదులు ఉండదు, పాఠం మాత్రం ముందుకు వెళ్లిపోతుంది. తోటి పిల్లల దగ్గర నోట్సు తీసుకోవాలి.

అప్పటికి వాళ్లు కారణాంక విభజనలో, అంటే ఒక రాశిని గుణకాలుగా విడగొట్టడంలో ఉన్నారు. తల్లిదండ్రుల సమావేశంలో కొందరు ఇది ఐఐటీకా, ఒలింపియాడ్‌కా అని అడిగితే, రెండూ కాదు, రెండు చలరాశుల సమీకరణాలు, వర్గ సమీకరణాలు, అంటే తొమ్మిది, పది తరగతుల్లో వచ్చేవి, ముందుగా, నిదానంగా, కారణాలతో చెప్పడమే అని బడివాళ్లు అన్నారు. పదో తరగతిలో ఇవి పరుగున వెళ్లిపోతాయని మా అక్క కొడుకును చూసి నాకు తెలుసు.

రెండో పరీక్ష ఆగస్టు 22న. ఈ పరీక్షలోని ఒక లెక్క గురించి ఇంట్లో రెండు రోజులు మాట్లాడుకున్నాము. భాస్కరాచార్యుని తుమ్మెదల లెక్క అది. ఒక తుమ్మెదల గుంపులో సగానికి వర్గమూలం ఎంతో అన్ని తుమ్మెదలు మల్లెపొదకు వెళ్లాయి, మొత్తంలో తొమ్మిదింట ఎనిమిది వంతులు ఇంకోచోటికి వెళ్లాయి, ఒక జంట మాత్రం మిగిలింది, గుంపులో ఎన్ని? అమ్మాయి తెలివిగానే ఆలోచించింది. సంఖ్య తొమ్మిదితో తెగాలి, దాని సగం వర్గ సంఖ్య కావాలి. 18 పెట్టి చూసింది: 3, 16, 2 కలిపితే 21, కుదరలేదు. 72 పెట్టి చూసింది: సగం 36, వర్గమూలం 6, ఎనిమిది వంతులు 64, ఇంకా 2, మొత్తం 72. కుదిరింది. జవాబు సరైనదే. ఎనిమిది మార్కులకు మూడు వేశారు.

ఆ సాయంత్రం అమ్మాయికి వచ్చిన కోపం నాకూ వచ్చింది. జవాబు సరైనప్పుడు మార్కులు ఎందుకు కోస్తారని నేనే మేడమ్‌కు ఫోన్ చేశాను. ఆమె ఫోన్ అమ్మాయికి ఇవ్వమని, "72 కుదిరింది, సరే. ఇంకే సంఖ్యా కుదరదని నీకెట్లా తెలుసు?" అని అడిగారు. అమ్మాయి కాసేపు మాట్లాడలేదు. తరువాత ఫోన్ నాకిచ్చి, ఎడమ పేజీ తీసి కూర్చుంది. సగాన్ని వై² అనుకుంటే మొత్తం 2వై² అవుతుంది. దానిమీద రాసుకుంటూ పోతే చివరికి 2వై² − 9వై − 18 = 0 వచ్చింది. దాన్ని (2వై + 3)(వై − 6) అని విడగొట్టడానికి దానికి అరగంట పట్టింది, నేను వంటింట్లోంచి బయటికి రాలేదు. వై విలువ 6 గానీ, మైనస్ ఒకటిన్నర గానీ కావాలి. వై అంటే మల్లెపొదకు వెళ్లిన తుమ్మెదల లెక్క కాబట్టి అది రుణ సంఖ్య కాకూడదు, అందుకని రెండోది వదిలేస్తున్నాను అని ఒక వాక్యం రాసింది. ఆ వాక్యానికే ఒక మార్కు ఉందని తరువాత తెలిసింది. ఇంకే తుమ్మెదల గుంపుకూ ఈ మాటలు సరిపోవని అప్పుడు గానీ తేలలేదు. నేను ఇన్నేళ్లూ లెక్కల్లో మంచి మార్కులు తెచ్చుకున్నానే గానీ, "ఇదొక్కటేనా?" అని ఒక్కసారీ నన్ను నేను అడగలేదు.

ఆ పరీక్షలో ఇరవై నాలుగు, 29న రాసిన రెండో విడతలో ముప్పై ఐదు, సగటు ఇరవై తొమ్మిదిన్నర. మూడోది సెప్టెంబరు 19న, గ్రాఫుల మీద. గ్రాఫు పుస్తకం ముందుగానే కొనిపెట్టుకోండి, పరీక్ష ముందు రోజు మా దగ్గర రెండు దుకాణాల్లో అయిపోయింది. గ్రాఫులో అక్షాలకు పేర్లు రాయకపోతే రెండు మార్కులు పోతాయి, అమ్మాయికి పోయాయి. ముప్పై ఒకటి వచ్చింది.

22 నుంచి దసరా సెలవులు. బ్రహ్మోత్సవాలు కూడా అప్పుడే, మా ఆయన ఇంటిపట్టున లేరు. సెలవులకు ముప్పై లెక్కలు ఇచ్చారు, రోజుకు మూడు చొప్పున చేసింది. నేను మాత్రం రోజూ రాత్రి సగటు లెక్క వేసుకునేదాన్ని: 21, 29.5, 31 కలిపితే 81.5, మూడుతో భాగిస్తే 27 దాటి కొంచెం. ఇరవై ఎనిమిదికి ఒక్క మార్కు కూడా తేడా లేదు. అమ్మాయికి చెప్పలేదు, అది కూడా వేసుకుందని తరువాత తెలిసింది.

అక్టోబరు 3న బడి తెరిచారు, నిర్ణయం 10వ తేదీ చెప్పారు. ఆ పత్రంలో నేను సరిగా పట్టించుకోని ఒక వాక్యం ఉందట: దిద్దుబాట్ల పుస్తకాన్ని కూడా నలభై మార్కులకు చూసి, నాలుగో పరీక్షగా కలుపుతారు. ఎడమ పేజీలన్నిటికీ కలిపి మా అమ్మాయికి ముప్పై ఎనిమిది వచ్చాయి. సగటు దాదాపు ముప్పై. పదమూడు మార్కుల కాగితంలోని తప్పులు అన్నిటికంటే ఎక్కువ పేజీలు తీసుకున్నాయి, అవే దాన్ని నిలబెట్టాయి. నలుగురు పిల్లలు మామూలు సెక్షన్‌కు వెళ్లారు. వారిలో ఒకరు మా ఆటోలో వచ్చే పిల్లాడు, ఆ సోమవారం ఆటోలో ఇద్దరే వెళ్లడం చూసి నాకు సంతోషం సగమైపోయింది.

ఖర్చు అడిగేవారికి: దరఖాస్తు 100, తరగతి ఫీజు 4,500, అభ్యాస పుస్తకం 380, నోటుపుస్తకాలు నాలుగు 280, గ్రాఫు పుస్తకం 45, ఆటో నాలుగు నెలలకు 4,000. అక్టోబరు దాకా 9,305 రూపాయలు. ఫీజులో పాఠ్య సామగ్రి కలిసి ఉందనుకున్నాము, లేదు. ఇప్పుడు ఆటోలో ఇద్దరే ఉన్నారు కాబట్టి నెలకు 1,400 అడుగుతున్నారు.

అక్టోబరు చివర మొంథా తుఫాను వారంలో తరగతులు సరిగా జరగలేదు. నవంబరులో అసమీకరణాలు, అంటే ఒక వైపు ఎక్కువ, ఇంకో వైపు తక్కువ అని చెప్పే లెక్కలు, మొదలుపెట్టారు. మైనస్‌తో గుణిస్తే ఆ ఎక్కువ తక్కువల గుర్తు తిరగబడుతుందని నాకు గుర్తుంది, ఎందుకో గుర్తులేదు, అసలు ఎవరూ చెప్పినట్టు లేదు. నిన్న రాత్రి అమ్మాయిని అడిగాను. సంఖ్యారేఖ గీసి, సున్నాకు ఇటుపక్క 2, 5 పెట్టి, కాగితాన్ని సున్నా దగ్గర మడిచి వెలుతురుకు పట్టుకుని, "ఇప్పుడు ఏది కుడి పక్కన ఉందో నువ్వే చెప్పమ్మా" అన్నది. మైనస్ 2 కుడి పక్కన ఉంది.